అనాసలో పాలు పోస్తే చేదెందుకు? ఇంటి స్మూతీ వెనకున్న సంగతులు

తాజా అనాస ముక్కలు మిక్సీలో వేసి, చల్లటి పాలు పోసి తిప్పితే మొదటి గుక్క బాగానే ఉంటుంది. గ్లాసు సగమయ్యేసరికి పైన తెల్లటి పలుకులు తేలతాయి. మిగతాది ఫ్రిజ్‌లో పెట్టి గంట తర్వాత తాగితే నాలుక వెనక చేదు పట్టుకుంటుంది. పండు మంచిది కాదేమో, పాలు పాతవేమో అని చాలామంది అనుకుంటారు. నిజానికి పండులోనూ లోపం లేదు, పాలలోనూ లేదు. ఆ రెండింటినీ కలపడం దగ్గరే పొరపాటు జరిగింది.

ఇంట్లో చేసే స్మూతీలు పాడయ్యేది ఎక్కువగా ఇక్కడే. ఏ పండు దొరికినా అలవాటుగా పాలు పోసేస్తారు. ఈ అలవాటు జ్యూస్ సెంటర్ల మిల్క్‌షేక్ నుంచి వచ్చింది. మిల్క్‌షేక్‌లో ప్రధానం పాలు. పండు రుచి కోసం వేసేదే. పైగా అందులో పడే చక్కెర, ఐస్‌క్రీమ్ ఎన్నో లోపాలను కప్పేస్తాయి. స్మూతీలో ప్రధానం పండు. బ్లేడు తిరగడానికి, గ్లాసులోకి జారడానికి సరిపడా మాత్రమే ద్రవం కావాలి. కాబట్టి ముందు పండు స్వభావం చూసి, ఆ తర్వాత పాలా, పెరుగా, కొబ్బరిపాలా, బోండాం నీళ్లా అన్నది తేల్చుకోవాలి. ఈ వరస ఒక్కటి పట్టుబడితే కొలతల కోసం ఎవరి వీడియో కోసమూ వెతకనక్కర్లేదు.

అనాస, పాలు కలిసినప్పుడు రెండు పనులు ఒకేసారి జరుగుతాయి. మొదటిది పులుపు వల్ల. పాలలోని ప్రోటీన్‌లో దాదాపు 80 శాతం కేసిన్. పీహెచ్ అంటే పులుపు కొలత, అంకె తగ్గేకొద్దీ పులుపు ఎక్కువ. పాల పీహెచ్ 6.6, 6.7 దగ్గర ఉంటుంది. అది 4.6కి దిగితే కేసిన్ ముద్దకట్టి పాలు విరుగుతాయి. అనాస పీహెచ్ 3, 4 మధ్య ఉంటుంది కాబట్టి పాలు విరగడానికి ఆ పులుపే చాలు. రెండోది బ్రోమెలైన్ అనే ఎంజైమ్ వల్ల. ఇది ప్రోటీన్‌ను చిన్న చిన్న ముక్కలుగా కత్తిరిస్తుంది. అలా తెగిన ముక్కల్లో కొన్నింటికి చేదు రుచి ఉంటుంది. అందుకే విరగడం వెంటనే కనిపిస్తే, చేదు మాత్రం నెమ్మదిగా పెరుగుతుంది. అనాస ఎక్కువగా తింటే నాలుక మండినట్టు, చురుక్కుమన్నట్టు ఉండటానికి కూడా ఈ ఎంజైమ్ ఒక కారణం. తాజా అనాస వేస్తే జిలటిన్‌తో చేసే జెల్లీ గట్టిపడకపోవడానికీ కారణం ఇదే.

పాలు కాచి చల్లార్చి పోస్తే సరిపోతుందని కొందరు అనుకుంటారు. దానివల్ల ప్రయోజనం లేదు, ఎందుకంటే ఎంజైమ్ ఉన్నది పాలలో కాదు, పండులో. కాచాల్సింది అనాస ముక్కలనే. కొద్దిగా నీళ్లు చిలకరించి, మూత పెట్టి ఐదు నిమిషాలు ఉడకనిస్తే బ్రోమెలైన్ పని ఆగిపోతుంది. ఆ ముక్కలను చల్లార్చి పెరుగుతో తిప్పితే, ఫ్రిజ్‌లో గంటలు గడిచినా చేదు రాదు. కొంత విటమిన్ సి, తాజా పండు పరిమళం పోతాయి, నిజమే. డబ్బాలో వచ్చే అనాస ముక్కలు ముందే వేడి చేసినవి కాబట్టి వాటితోనూ ఈ ఇబ్బంది లేదు. గడ్డకట్టించిన ముక్కల సంగతి వేరు. చలి ఎంజైమ్‌ను నిద్రపుచ్చుతుందే తప్ప చంపదు. సూపర్ మార్కెట్లో దొరికే ఫ్రోజెన్ అనాస ముక్కలు కరిగాక తాజా పండులాగే ప్రవర్తిస్తాయి. అమెరికా, బ్రిటన్‌లలోని తెలుగువారి ఇళ్లలో ఫ్రీజర్ ప్యాకెట్లే ఎక్కువగా వాడతారు కాబట్టి ఈ తేడా వాళ్లకు బాగా పనికొస్తుంది.

ఉడకబెట్టడం ఇష్టం లేకపోతే అనాసకు సరైన జోడీ కొబ్బరి. కరీబియన్ దీవుల్లో ఈ జంట ఎప్పుడో స్థిరపడిపోయింది. పోర్టోరికో 1978లో తన అధికారిక పానీయంగా ప్రకటించుకున్న పినా కొలాడాలోంచి రమ్ తీసేస్తే మిగిలేది అనాస రసం, కొబ్బరి మీగడ, చల్లదనం. కొబ్బరిపాలలో కేసిన్ లేదు. అందుకే ఆవుపాలలో వచ్చినంత చేదు ఇందులో తలెత్తదు. కొబ్బరి కొవ్వు అనాస పులుపును మెత్తబరుస్తుంది కూడా. కోనసీమ కొబ్బరి, సీతంపేట మన్యం అనాస ఒకే రాష్ట్రంలో పండుతున్నా, మన ఇళ్లలో ఈ రెండూ ఒక జార్‌లో కలిసేది తక్కువ. ఇది మారాలి. మన దగ్గర అన్నీ ఉండి కూడా వాడుకోని గొప్ప రుచి ఇది.

కొబ్బరిపాలతో ఒక జాగ్రత్త అవసరం. కొబ్బరి కొవ్వు సుమారు 24 డిగ్రీల దగ్గర గట్టిపడుతుంది. చిక్కటి మొదటి పాలలో గడ్డకట్టిన పండు వేసి తిప్పితే ఆ కొవ్వు సన్నటి రవ్వలా పలుకులు కడుతుంది. తాగుతుంటే పెదాలకు మైనం అంటినట్టు ఉంటుంది. అందుకని కోరు మీద గోరువెచ్చని నీళ్లు పోసి మిక్సీ పట్టి, మొదటి పాలు పక్కన పెట్టి, మళ్లీ నీళ్లు పోసి పిండిన రెండో పాలు వాడాలి. మొదటి పాలు రెండు చెంచాలు కలిపితే చాలు, వాసన వచ్చేస్తుంది. మిగిలినవి ఆ పూట కూరలోకి పనికొస్తాయి.

బొప్పాయిలోనూ ఇలాంటి ఎంజైమే ఉంది, దాని పేరు పపైన్. హైదరాబాదీ కచ్చి బిర్యానీకి, కబాబులకు మాంసం నానబెట్టేటప్పుడు పచ్చి బొప్పాయి ముద్ద పట్టించేది దీనికోసమే. కండలోని ప్రోటీన్‌ను తెంచి మెత్తబరిచేది ఈ పపైనే. ఇది పచ్చి కాయకు గాటు పెడితే కారే తెల్లటి పాలలో ఎక్కువగా ఉంటుంది, పండేకొద్దీ బాగా తగ్గిపోతుంది. పూర్తిగా పండిన బొప్పాయిని పాలతో తిప్పి వెంటనే తాగేస్తే ఏ ఇబ్బందీ ఉండదు. తైవాన్ రాత్రి బజార్లలో బొప్పాయి పాలకు ఎంతో పేరుంది, అక్కడ అడిగినప్పుడే తిప్పి ఇస్తారు. మన అనంతపురం, కడప తోటల్లో విరివిగా పండే ఎర్రకండ రకం రెడ్ లేడీ తైవాన్ నుంచి వచ్చిందే. అంటే అదే రుచి మన ఇంట్లో కుదరడానికి అడ్డేమీ లేదు. దోరపండుతో చేసినా, చేసి నిలవ ఉంచినా మాత్రం చేదు తప్పదు. గింజలు ఒకటి రెండు జార్‌లో పడినా మిరియం లాంటి ఘాటు వస్తుంది, కాబట్టి చెంచాతో శుభ్రంగా గీకేయాలి. బొప్పాయికి పులుపు తక్కువ, ఒక రకమైన వాసన ఎక్కువ. సగం నిమ్మకాయ పిండితే ఆ వాసన అణిగి తీపి పైకి తేలుతుంది. పాలకన్నా బోండాం నీళ్లు, నిమ్మరసంతో చేసిన బొప్పాయి స్మూతీయే మేలు. తేలిగ్గా ఉంటుంది, చేదు భయమూ ఉండదు.

మామిడి దగ్గరికి వస్తే పని చాలా సులువు. బాగా పండిన మామిడిలో పులుపు తక్కువ, ప్రోటీన్‌ను కత్తిరించే ఎంజైమ్ బెడదా లేదు. పాలతో కుదురుతుంది, పెరుగుతో ఇంకా బాగుంటుంది. ఇక్కడ అసలు ప్రశ్న ఏ రకం మామిడి అన్నదే. నంద్యాల జిల్లా బనగానపల్లె పేరు మీద 2017లో భౌగోళిక గుర్తింపు పొందిన బంగినపల్లిలో పీచు దాదాపు ఉండదు. కండ గట్టిగా, గుజ్జు నున్నగా ఉంటుంది. ముక్కలు కోసి గడ్డకట్టించడానికి ఇంతకన్నా అనువైనది లేదు. చిన్న రసాలు, పెద్ద రసాలు, చెరకు రసాల పరిమళం బంగినపల్లికి రాదు కానీ, వాటి పీచు బ్లేడుకు చుట్టుకుంటుంది, తాగేటప్పుడు పళ్ల సందుల్లో ఇరుక్కుంటుంది. రసాలను చేత్తో పిసికి, జల్లెడలో వడకట్టి, ఆ రసాన్ని ద్రవంగా వాడి, బంగినపల్లి ముక్కలను గుజ్జుగా వేసుకుంటే రెండు పండ్ల మంచీ ఒక గ్లాసులోకి వస్తుంది. పాలు, పెరుగు కూడా అక్కర్లేదు. మే నెలలో ఒక్కసారైనా ఇలా చేసుకుని తీరాలి.

తోతాపురి స్మూతీకి పెద్దగా పనికిరాదు. పులుపెక్కువ, పరిమళం తక్కువ. చిత్తూరు వైపు గుజ్జు ఫ్యాక్టరీలకు వెళ్లే కాయల్లో ఎక్కువ భాగం ఇదే. విదేశాల్లో ఇండియన్ స్టోర్లలో డబ్బాల్లో దొరికే మామిడి గుజ్జు వాడేవారు లేబుల్ చదవడం అవసరం. చాలా డబ్బాల్లో చక్కెర కలిపే ఉంటుంది. దాని మీద తేనె, ఖర్జూరం కూడా వేస్తే అది పండు పానీయం అనిపించుకోదు.

పైకి పసుపుగా మెరుస్తూ లోపల పుల్లగా, తెల్లగా ఉండే మామిడి స్మూతీని నేరుగా చెడగొడుతుంది. కార్బైడ్‌తో మాగబెట్టిన కాయల్లో ఇది తరచూ కనిపిస్తుంది. తొక్క రంగు మారినంత వేగంగా లోపలి పిండి పదార్థం చక్కెరగా మారదు. 2011 నాటి ఆహార భద్రతా నిబంధనల ప్రకారం కాల్షియం కార్బైడ్ నుంచి వచ్చే వాయువుతో పండ్లు మాగబెట్టడం నిషేధం. ఇథిలీన్ వాయువును 100 పీపీఎం (పది లక్షల్లో వంద వంతులు) వరకు అనుమతించారు. ఇంట్లోనైతే గడ్డిలోనో బియ్యం డబ్బాలోనో పెట్టి మాగనివ్వడమే మంచి దారి, ఎందుకంటే మామిడి, అరటి, బొప్పాయి, సపోటా, జామ కోసిన తర్వాత కూడా పండుతాయి. అనాస అలా కాదు. కోసిన రోజు ఎంత తీపి ఉందో అంతే, ఆ తర్వాత మెత్తబడుతుంది తప్ప తియ్యబడదు. అందుకే కొనేటప్పుడే అడుగుభాగం వాసన చూడాలి. కమ్మటి వాసన రాకపోతే వదిలేయడమే.

ఇక అరటిపండు. ఉష్ణమండల స్మూతీల్లో దీని పాత్ర రుచికన్నా చిక్కదనానికే ఎక్కువ. పచ్చికాయలో ఉండే పిండి పదార్థం పండేకొద్దీ చక్కెరగా మారుతుంది. తొక్క మీద నల్లటి చుక్కలు వచ్చే దశలో తీపి, మెత్తదనం రెండూ బాగా కుదురుతాయి. నీళ్లలా పలచబడే బొప్పాయి, అనాసలకు ఒక అరటిపండు కలిపితే గ్లాసులో పైన నీరు, కింద గుజ్జు విడిపోకుండా పట్టుకుంటుంది. బజారులో ఎక్కువగా దొరికే పెద్ద పచ్చ అరటి రకం ఈ పనికి చాలు. చక్రకేళి, అమృతపాణి వేస్తే వాటి వాసన మిగతా పండ్లను వెనక్కి నెట్టేస్తుంది. వాటిని అలాగే చేత్తో వలిచి తినడం మంచిది.

అరటిని కోసి ఉంచితే నల్లబడేది పాలీఫినాల్ ఆక్సిడేజ్ అనే ఎంజైమ్ వల్ల. అమెరికా, బ్రిటన్ పరిశోధకులు 2023లో ప్రచురించిన ఒక చిన్న అధ్యయనం దీని మీద ఆసక్తికరమైన విషయం బయటపెట్టింది. అరటి కలిపిన స్మూతీ తాగినవారి ఒంట్లో ఫ్లావనాల్స్ అనే పదార్థాలు, వాటిని క్యాప్సూల్ రూపంలో తీసుకున్నప్పటితో పోలిస్తే 84 శాతం తక్కువగా కనిపించాయి. ఈ ఎంజైమ్ తక్కువగా ఉండే బెర్రీ పండ్ల స్మూతీలో అంత తగ్గుదల కనిపించలేదు. ఇది చదివి అరటిపండునే మానేయాల్సిన పని లేదు. ఈ ఫ్లావనాల్స్ ఎక్కువగా ఉండేది నల్ల ద్రాక్ష, ఆపిల్, బెర్రీలు, కోకో లాంటి వాటిలో. ఆ పదార్థాల కోసమే ద్రాక్షో కోకో పొడో వేసుకునేవారు అందులో అరటి కలపకుండా ఉంటే సరి. మామిడి, బొప్పాయిలతో అరటి వేసుకోవడానికి దీనివల్ల బెంగ పడక్కర్లేదు.

సపోటా, సీతాఫలం రెండూ పాలతో హాయిగా కలిసిపోతాయి. పులుపు లేదు, గుజ్జు దానంతటదే చిక్కగా ఉంటుంది. సపోటా పూర్తిగా పండకపోతే బంక, వగరు గొంతు పట్టుకుంటాయి, కాబట్టి మెత్తబడేదాకా ఆగాలి. సీతాఫలం గింజలు మిక్సీలో ఒక్కటి కూడా పడకూడదు. అవి చేదే కాదు, తినకూడనివి కూడా. గుజ్జును జల్లెడ మీద చెంచాతో రుద్ది గింజలు వేరు చేశాక, మిక్సీ అక్కర్లేకుండా కవ్వంతో చిలికినా చాలు. జామను నీళ్లతో తిప్పి వడకట్టి, ఆ రసాన్ని వేరే పండుకు ద్రవంగా వాడుకుంటే గింజల బాధ తప్పుతుంది. 100 గ్రాముల జామలో 200 మిల్లీగ్రాములకు పైగా విటమిన్ సి ఉంటుంది. అదే బరువు బొప్పాయిలో 60, మామిడిలో 36 దగ్గర ఉంటుంది. అరటిలో 10 కూడా ఉండదు.

గడ్డకట్టించిన పండు, ఐసు ముక్కలు

చల్లదనం కోసం ఐసు వేయడం చాలా ఇళ్లలో అలవాటు. ఐసు కరిగితే నీళ్లే. మామిడిలో 83 శాతం, అనాసలో 86 శాతం, బొప్పాయిలో 88 శాతం ఇప్పటికే నీరుంది. దాని మీద ఇంకో నాలుగు ఐసు ముక్కల నీరు పడితే రుచి పలచబడటం ఖాయం. అప్పుడు చక్కెర డబ్బా బయటికి వస్తుంది. ఐసుకు బదులు పండునే గడ్డకట్టించి వేస్తే చల్లదనం, చిక్కదనం రెండూ ఒకేసారి వస్తాయి. బయట స్మూతీకి, ఇంటి స్మూతీకి మధ్య కనిపించే పెద్ద తేడా చాలాసార్లు ఇదొక్కటే.

ఇంటి ఫ్రీజర్ నెమ్మదిగా గడ్డకట్టిస్తుంది. పండులో పెద్ద మంచు పలుకులు ఏర్పడి కణాల గోడలు చిట్లుతాయి. అందుకే కరిగిన మామిడి ముక్క వదులుగా, నీరు కారుతూ ఉంటుంది. ముక్కలుగా తినడానికి అది బాగోదు కానీ, ఎలాగూ మిక్సీలో నలిగేదే కాబట్టి స్మూతీకి నష్టం లేదు. అరటి తొక్క ముందే తీసేయాలి, గడ్డకట్టాక అది ఊడిరాదు. ముక్కలు పళ్లెంలో విడివిడిగా పరిచి, గట్టిపడ్డాక డబ్బాలో వేసుకోవాలి. ఒకేసారి డబ్బాలో కుక్కితే రాయిలా అతుక్కుపోయి, కత్తితో పొడవాల్సి వస్తుంది. అరటి, జామ ముక్కలకు కాస్త నిమ్మరసం పట్టిస్తే రంగు మారడం తగ్గుతుంది.

ఫ్రీజర్ నిజంగా మైనస్ 18 డిగ్రీల దగ్గర ఉంటే బంగినపల్లి ముక్కలు మే నుంచి ఆగస్టు దాకా బాగుంటాయి. పాత సింగిల్ డోర్ ఫ్రిజ్‌లలో పైన ఉండే చిన్న అర అంత చల్లగా ఉండకపోవచ్చు. అందులో పెట్టిన ఐస్‌క్రీమ్ రాయిలా గట్టిగా నిలవకపోతే పండ్లను వారం, పది రోజులకు మించి ఉంచకపోవడమే మంచిది. కరెంటు గంటల తరబడి పోయే ఊళ్లలోనూ అంతే. ఒకసారి కరిగిన ముక్కలను మళ్లీ గడ్డకట్టించకుండా ఆ రోజే వాడేయాలి.

చల్లదనానికి ఇంకో గుణం ఉంది, తీపిని అణచేస్తుంది. నాలుక మీద తీపిని పసిగట్టే వ్యవస్థ వెచ్చగా ఉన్నప్పుడు చురుగ్గా, చల్లబడితే మందంగా పనిచేస్తుంది. మామూలు వేడిమిలో తియ్యగా అనిపించిన మామిడే గడ్డకట్టించి తిప్పాక చప్పగా తోస్తుంది. చక్కెర వేయాలనిపించేది ఆ క్షణంలోనే. దానికి ముందే మందు వేసుకోవచ్చు. మామూలుగా తినేదానికన్నా ఇంకాస్త ఎక్కువ పండిన పండు ఎంచుకోవడం ఒకటి. చిటికెడు ఉప్పు రెండోది. ఉప్పు తీపిని పైకి తెస్తుంది, చేదును అణుస్తుంది. కొద్దిగా నిమ్మరసం కూడా పండు రుచిని తేటపరుస్తుంది. ఇవన్నీ చేశాక కూడా చాలకపోతే నానబెట్టిన ఖర్జూరం ఒకటి వేసుకోవచ్చు. అదీ చక్కెరే, అయితే దాంతోపాటు కాస్త పీచు కూడా వస్తుంది.

మన మిక్సీతో అవుతుందా

అవుతుంది. వేలు పోసి బ్లెండర్ కొనాల్సిన అవసరం లేదు. 500 నుంచి 750 వాట్ల మిక్సీ ఏ తెలుగింట్లో చూసినా ఉంటుంది. బ్లేడు తిరిగే వేగంలో అది బ్లెండర్‌కు తీసిపోదు. తేడా జార్ ఆకారంలో ఉంది. బ్లెండర్ జార్ పొడవుగా ఉండి, లోపల సుడి ఏర్పడి పైనున్న ముక్కలను కిందికి లాగుతుంది. మిక్సీ జార్ పొడులు, ముద్దలు నూరడానికి చేసింది. ద్రవం తక్కువైతే అడుగున గుజ్జు అవుతుంది, పైన గడ్డలు అలాగే కూర్చుంటాయి. అందుకని వేసే వరస ముఖ్యం. అడుగున ద్రవం, దాని మీద మెత్తటి పండు, అన్నిటికన్నా పైన గడ్డకట్టిన ముక్కలు. ఆ ముక్కలను ఫ్రీజర్ నుంచి తీసి ఐదారు నిమిషాలు బయట ఉంచితే అంచులు మెత్తబడి బ్లేడుకు అందుతాయి. జార్ మూడింట రెండు వంతులకు మించి నింపకూడదు.

మొదట ఆపి ఆపి నాలుగైదుసార్లు తిప్పి, తర్వాత అర నిమిషం నుంచి ముప్పావు నిమిషం వేగంగా తిప్పితే చాలు. అంతకు మించితే బ్లేడు రాపిడికి స్మూతీ వేడెక్కుతుంది, గాలి చేరి నురగ కడుతుంది. అనాసలో ఈ నురగ మరీ ఎక్కువ. మోటారు మూలిగి ఆగిపోతే కంగారు పడక్కర్లేదు. చాలా మిక్సీలకు అడుగున ఎర్ర బటన్ ఒకటి ఉంటుంది. ప్లగ్గు తీసి, కాసేపు చల్లారనిచ్చి దాన్ని నొక్కితే మళ్లీ పనిచేస్తుంది. కాకపోతే అది గడ్డలు మరీ గట్టిగా ఉన్నాయని, ద్రవం తగ్గిందని చెప్పే గుర్తు. అలా పదేపదే ఆగనిస్తే జార్‌ను మోటారుకు కలిపే కప్లర్ అరిగిపోతుంది.

అల్లం వెల్లుల్లి ముద్ద నూరిన జార్‌లో మామిడి స్మూతీ చేయడం కన్నా చేయకపోవడం నయం. స్టీలు కడిగితే శుభ్రమవుతుంది కానీ, మూతకున్న రబ్బరు చుట్టు ఆ వాసనను పీల్చుకుని వదలదు. స్మూతీకి ఒక జార్ కాకపోయినా కనీసం ఒక రబ్బరు చుట్టు విడిగా ఉంచుకోవాలి. అది పెద్ద ఖరీదేమీ కాదు.

కొలతలకు ఒక ఆధారం కావాలంటే, ఇద్దరికి ఇలా మొదలుపెట్టవచ్చు. గడ్డకట్టించిన బంగినపల్లి ముక్కలు 200 గ్రాములు, ఒక అరటిపండు, చిక్కటి పెరుగు 150 గ్రాములు, చిటికెడు ఉప్పు. పెరుగు పులిసినదైతే నిమ్మ వద్దు. పెరుగు ముందే తోడుకున్నది కాబట్టి పండు పులుపుకు అది కొత్తగా విరిగేదేమీ ఉండదు, అందుకే పుల్లటి పండ్లకు పాలకన్నా పెరుగు నమ్మకమైనది. అనాసతో అయితే 200 గ్రాముల ముక్కలు, గడ్డకట్టించిన అరటి ఒకటి, రెండో కొబ్బరిపాలు 150 మిల్లీలీటర్లు. బొప్పాయికి బోండాం నీళ్లు 100 మిల్లీలీటర్లు సరిపోతాయి, ఎందుకంటే అది తానే నీళ్లు వదులుతుంది. నానిన సబ్జా గింజలు ఇష్టమైతే గ్లాసులో పోశాక కలుపుకోవాలి, మిక్సీలో వేస్తే వాటి అందం పోతుంది.

చక్కెర లెక్క

ఆరోగ్యం పేరుతో ఎక్కువ అపోహలు పుట్టేది ఇక్కడే. పైన చెప్పిన మామిడి, అరటి, పెరుగు కొలతలో పండ్ల నుంచే దాదాపు 40 గ్రాముల చక్కెర వస్తుంది. మొత్తం మీద 300 కేలరీల దాకా ఉంటుంది. ఇద్దరు పంచుకుంటే ఇది మంచి సాయంత్రపు చిరుతిండి. ఒక్కరే తాగేస్తే అది ఒక పూట టిఫిన్. టిఫిన్ తిన్నాక పైన తాగే పానీయంగా లెక్కేసుకోవడమే చిక్కు.

పండు ముక్కగా తిన్నప్పటి చక్కెర, తిప్పి తాగినప్పటి చక్కెర ఒకటేనా అన్న దాని మీద వైద్య సంస్థల్లోనే లెక్కలు వేరుగా ఉన్నాయి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో ఇచ్చిన మార్గదర్శకాల్లో విడి చక్కెరలు రోజువారీ శక్తిలో 10 శాతానికి మించకూడదని, 5 శాతానికి దిగితే ఇంకా మేలని చెప్పింది. 2,000 కేలరీల ఆహారంలో అవి వరసగా 50, 25 గ్రాములు. తేనె, పండ్ల రసాలు అందులోకి వస్తాయి, మొత్తం పండు రాదు. బ్రిటన్ మాత్రం మెత్తగా నలిపిన పండు చక్కెరను కూడా విడి చక్కెరగానే లెక్కిస్తుంది. అక్కడి ప్రభుత్వ ఆరోగ్య సేవ రసం, స్మూతీ కలిపి రోజుకు 150 మిల్లీలీటర్లకు మించవద్దంటుంది. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ కూడా రసాలకన్నా పండ్లనే తినమని చెబుతుంది.

వడకట్టని స్మూతీలో పీచు పోదు. అది రసం మీద దానికున్న నిజమైన మేలు. అయినా నమలడం తప్పిపోతుంది. ఒక మామిడి, ఒక అరటి, నాలుగు అనాస ముక్కలు కూర్చుని తినాలంటే సమయం పడుతుంది, మధ్యలోనే చాలనిపిస్తుంది. అదే గ్లాసులో రెండు నిమిషాల్లో లోపలికి పోతుంది. కాబట్టి వడకట్టకపోవడం, పెరుగో నానబెట్టిన బాదమో వేసి కొంత ప్రోటీన్, కొవ్వు చేర్చడం, చిన్న గ్లాసు వాడటం మంచిది. ప్రోటీన్ పౌడర్లు, ఖరీదైన విదేశీ గింజలు వేస్తేనే ఆరోగ్యకరమన్న ప్రచారాన్ని పట్టించుకోనక్కర్లేదు. గిన్నెడు గట్టి పెరుగు ఆ పని చేస్తుంది.

షుగర్ ఉన్నవారు మామిడి, సపోటా, అరటి కలిపిన గ్లాసును భోజనంలో భాగంగా లెక్కించాలి, డాక్టరు చెప్పిన పరిమితిని దాటకూడదు. కిడ్నీ జబ్బుతో పొటాషియం తగ్గించమన్నవారికి అరటి, బోండాం నీళ్లు రెండూ పడవు. ఏడాది నిండని పసిపిల్లలకు చేసేదాంట్లో తేనె వేయకూడదు.

చేసిన స్మూతీ నిలవ ఉండేది కాదు. పండ్లు కోసేముందు కడగడం, పచ్చి మాంసం కోసిన చాకు, పలక వాడకపోవడం ఎంత అవసరమో, తిప్పిన వెంటనే తాగడం అంతే అవసరం. ఎండాకాలపు వంటింట్లో గంటకు మించి బయట ఉంచితే పాలు, పెరుగు ఉన్న స్మూతీని నమ్మలేం. ఎక్కువైందనిపిస్తే ఫ్రిజ్‌లో గ్లాసులో దాచేకన్నా ఐసు ట్రేలో పోసి ఫ్రీజర్‌లో పెట్టడం మేలు. మర్నాడు ఆ గడ్డలనే కొద్దిగా పెరుగుతో తిప్పుకోవచ్చు. పిల్లలున్న ఇంట్లో కుల్ఫీ అచ్చుల్లో పోసి పుల్ల గుచ్చితే ఆ పని కూడా అక్కర్లేదు. ఉడికించని అనాస, పాలు కలిపింది మాత్రం అలా కూడా దాచవద్దు. చలిలో ఎంజైమ్ పని నెమ్మదిస్తుంది, కరగడం మొదలవగానే మళ్లీ అందుకుంటుంది.